మిస్ అడోనిస్ నేర్చిన తప్పెట

బ్లూమ్‌వేల్ సెకండరీ స్కూల్లో సంగీతాన్ని పరీక్ష సబ్జెక్టుగా పెట్టమని వేవ్నీ అడోనిస్ పంతొమ్మిదేళ్ళు అడిగింది. ప్రతి సెప్టెంబరులో ఒక కాగితం రాసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టేది. నలుగురు హెడ్మాస్టర్లు మారారు. ఒకాయన నవ్వాడు. ఒకాయన పియానో ఏదని అడిగాడు. ఒకాయన చదవకుండానే సొరుగులో పడేశాడు. నాలుగో ఆయన మిస్టర్ బోలర్స్, లెక్కల మనిషి. కాగితం రెండుసార్లు చదివి, "ఐదుగురు పిల్లల్ని తీసుకురండి మిస్. నాలుగున్నర కాదు, ఐదుగురు" అన్నాడు.

అప్పటిదాకా ఆ స్కూల్లో సంగీతమంటే శుక్రవారం ఆఖరి పీరియడులో పాడించే పాటలే. అందులోనూ నెలకి రెండు పీరియడ్లు లెక్కల మాస్టరు ఎత్తుకుపోయేవాడు. మిగతా వారమంతా వేవ్నీ ఇంగ్లీషు చెప్పేది. ఆమె తండ్రి పంచదార మిల్లులో బాయిలరు దగ్గర పని చేసేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు వేవ్నీ లూథరన్ చర్చిలోని తొక్కుడు హార్మోనియం ముందు కూర్చుంది. నేర్పిన ముసలావిడ తప్పు పడినప్పుడల్లా పెన్సిలుతో వేళ్ళ మీద కొట్టేది. పదిహేడో ఏటికి ప్రతి ఆదివారం వాయించేది వేవ్నీయే. బెర్బిస్ నదికి వంతెన లేని రోజుల్లో పడవ దాటి, బస్సెక్కి, ఉప్పుచేప కూరిన రొట్టె కాగితంలో చుట్టుకుని రాజధాని జార్జ్‌టౌన్ వెళ్ళి, ఒక్కతే పరీక్షలు రాసి వచ్చేది. తనకి స్కూల్లో దొరకనిది తన పిల్లలకి స్కూల్లోనే దొరకాలన్నది ఆమె పట్టుదల.

నలుగురు తేలిగ్గానే దొరికారు. నూనె పీపా అడుగు సాగగొట్టి చేసే స్టీల్ పాన్ వాయించే ఒనీకా ఫ్రేజర్ మొదటి రోజే పేరిచ్చింది. కీబోర్డు వాయించే అబ్బాయి ఒకడు, పాడే పిల్ల ఒకతి, రికార్డరనే పిల్లనగ్రోవి ఊదే పిల్ల ఒకతి వచ్చారు. ఐదో పేరు దొరక్క వేవ్నీ వారం రోజులు వరండాల్లో తిరిగింది. చివరికి వ్యవసాయం మాస్టరే ఒకణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వాడు కెల్విన్ వీరాసామి, నాలుగో ఫారం, ఒకసారి తప్పినవాడు. కోడిపిల్లల పెట్టె మూత మీద రోజంతా దరువు వేస్తున్నాడట.

"వీణ్ణి మీరు తీసుకోండి మిస్," అన్నాడు మాస్టరు. "నా కోళ్ళు నిద్రపోవడం లేదు."

అలా బ్లూమ్‌వేల్‌లో సంగీతం సబ్జెక్టయింది.

క్లాసు పాత ప్రయోగశాలలో పెట్టారు. రెండేళ్ళ చదువు. విని గుర్తుపట్టాలి, సొంతంగా స్వరాలు కట్టి రాయాలి, ఐదో ఫారంలో బయటి నుంచి వచ్చే పరీక్షకుల ముందు ఒంటరిగా ఒకసారి, ఇంకొకరితోనైనా కలిసి ఒకసారి వాయించాలి. మొదటి రెండు నెలలు కెల్విన్ ఏ ప్రశ్నకీ నోరు విప్పలేదు. అయిదు గీతల మీద ఏ చుక్క ఏ స్వరమో వాడికి ఎంత చెప్పినా నిలవలేదు. మొదటి పరీక్షలో వందకి పదకొండు వచ్చాయి. మిస్టర్ బోలర్స్ ఆ అంకె కింద ఎర్ర గీత గీసి, ఐదో వాడు నిజంగా ఐదో వాడేనా అని అడిగాడు. వేవ్నీ నవ్వి ఊరుకుంది గాని, ఆమెకీ లోపల బెంగగానే ఉంది.

ఒకరోజు మిగతా నలుగురు పాఠం పాడుతుంటే కెల్విన్ ఒక సన్న పెన్సిలు, ఒక లావు మార్కరు పట్టుకుని బల్ల అంచు మీద నెమ్మదిగా కొడుతున్నాడు. వేవ్నీ చెవి అటు లాగింది. పాట ఆపించి, మళ్ళీ కొట్టమంది. వాడు భయపడి చేతులు కింద పెట్టేశాడు. తిట్టడం లేదని నచ్చజెప్పి మళ్ళీ కొట్టించి, ఆ దరువు బోర్డు మీద రాయబోయింది. రాసింది, చెరిపింది. నాలుగుసార్లు చెరిపింది. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు.

"ఇది ఎక్కడ మొదలవుతుందిరా?" అంది చివరికి.

"మొదలవదు మిస్. మినీబస్సు లాంటిది. నడుస్తూనే ఉంటుంది, మనమే ఎక్కాలి."

క్లాసంతా గొల్లుమంది. వేవ్నీ మాత్రం నవ్వలేదు. ఆ దరువు ఆమెకి తెలుసు. కాలువకి అవతలి ఒడ్డున, ఎప్పుడో మద్రాసు నుంచి సముద్రం దాటి చెరకు కూలికి వచ్చినవాళ్ళు కట్టుకున్న కాళీ అమ్మ గుడి ఉంది. మా ఊళ్ళో దాన్ని అందరూ కాళీ చర్చి అనే అంటారు. అక్కడి తప్పెటలు ప్రతి ఆదివారం, సరిగ్గా లూథరన్ చర్చిలో కీర్తనలు మొదలయ్యే వేళకే మోగుతాయి. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఐరిస్ ఆ మోత వినపడగానే కిటికీ చెక్కలు మూసేసేది. హార్మోనియం ముందు కూర్చున్న ముప్పై ఏళ్ళూ వేవ్నీ ఆ మోత మీదికి ఇంకాస్త గట్టిగా తొక్కుతూ వచ్చింది. ఏ కీర్తనైనా ఒక్కసారి వింటే రాయగలిగిన మనిషి, పుట్టినప్పటి నుంచీ విన్నదాన్ని రాయలేకపోయింది. ఇంటికి నడుస్తూ దారంతా అదే ఆలోచించింది. సిగ్గేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం కాలువ మీది చెక్క దాటి గోవిందెన్ వీరాసామి ఇంటికి వెళ్ళింది. ఆయన కెల్విన్‌కి తాత. నలభై ఏళ్ళు చెరకు నరికి మానుకున్నాడు. అమ్మ గుడిలో మిగతావాటిని నడిపించే ముందు తప్పెట ఆయనదే. స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి కింద చల్లగా ఊయలలో పడుకుని ఉన్నాడు. టీచరు రావడం చూసి లేచి కూర్చున్నాడు.

"వాడేం పగలగొట్టాడు మిస్?"

"ఏమీ పగలగొట్టలేదు గోవిందెన్ అంకుల్. తప్పెట నేర్పమని అడగడానికి వచ్చాను."

"వాడికి వచ్చుగా."

"వాడికి కాదు. నాకు."

ఆయన ఆమెని కింది నుంచి పైదాకా చూశాడు. పరీక్షలో వాడు వాయించేది తనకి అర్థం కాకపోతే వాడికి దారి చూపలేనని ఆమె చెప్పింది. ఆ తప్పెట అమ్మదని, అమ్మ ముందు తప్ప ఇంకెక్కడా మోగదని, స్కూలుకి రాదని ఆయన తేల్చి చెప్పాడు.

"తప్పెట రానక్కర్లేదు," అంది వేవ్నీ. "నేనే వస్తాను."

గోవిందెన్ మీసంలోంచి నవ్వాడు. పుల్లలు ముట్టుకోవాలంటే మూడు రోజుల ముందు నుంచీ మాంసం, చేప, గుడ్డు మానాలన్నాడు. అంచు పగిలి పక్కన పెట్టిన పాత తప్పెటకైనా సరే, అదే కట్టుబాటు.

"రమ్ము కూడా మానాలి మిస్."

"ఎప్పుడు తాగాను, మానడానికి?"

"అయితే మీకు సగం పని తగ్గింది."

అప్పటి నుంచి ప్రతి శనివారం ఆమె కాలువ దాటింది. బుధవారం నుంచే నీచు ముట్టేది కాదు. ఎనభై ఏళ్ళ ఐరిస్‌కి ఇది పెద్ద బాధయి కూర్చుంది. శనివారం కోడి వేసి కొబ్బరిపాలతో అన్నం వండితే కూతురు ఉత్త బొబ్బర్లు ఏరుకు తింటోంది. "తపసు కాలం ఉపవాసాలకి ఇంకా నాలుగు నెలలుంది కదే," అని గొణిగేది. పైగా తిన్నంతసేపూ కూతురు రెండు చెంచాలతో బల్ల మీద కొడుతూనే ఉండేది.

"నలభై ఏళ్ళు కిటికీలు మూశాను. ఇప్పుడు అది నా వంటింట్లోకే వచ్చి కూర్చుంది," అంది ఐరిస్ ఒకరోజు.

"తలుపు తెరిచింది నేనేనమ్మా."

"అదేగా నా ఏడుపు," అని ఆవిడ ఇంకో గరిటె బొబ్బర్లు వడ్డించింది.

నలభై తొమ్మిదేళ్ళ చేతులు. కుడి చేతిలో లావు పుల్ల, ఎడమ చేతిలో సన్న పుల్ల, తప్పెట ఎడమ భుజానికి ఆనించి పట్టుకోవాలి. మొదటి నెల మణికట్టు వాచిపోయి బోర్డు మీద రాయలేకపోయింది. గోవిందెన్ మెచ్చుకోలు ఎరగని మనిషి. బాగుంటే ఊరుకునేవాడు, బాగాలేకపోతే ఊయల ఆపేవాడు. "మీరు లెక్కపెడుతున్నారు. మొహంలో కనిపిస్తోంది," అనేవాడు. కెల్విన్ స్తంభానికి ఆనుకుని నిలబడి, టీచరు ఎక్కడ తప్పుతోందో పెదవి కదలికతో చూపించేవాడు. క్లాసులో వంద మాటలకి ఒక మాట పలకనివాడు ఇక్కడ ఆమెకి మాస్టరయ్యాడు. ఆమె కూడా అంతే మర్యాదగా వాడి మాట వినేది. ఒక్కొక్క దరువు కుదిరాక నోటుబుక్కు తీసి, లావు పుల్ల దెబ్బకి చుక్క కాడ కిందికి, సన్న పుల్ల దెబ్బకి కాడ పైకి గీసి రాసుకునేది. రాసిందాన్ని కెల్విన్ చేత చదివించేది. తన చేతికి తెలిసినదే కాగితం మీద కనపడేసరికి వాడికి ఆ చుక్కలు మొదటిసారి మాట్లాడాయి. ఆ ఏడాది చివర్లో వందకి నలభై ఎనిమిది తెచ్చుకున్నాడు. మిస్టర్ బోలర్స్ ఎర్ర పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఊళ్ళో మాట దాగదు. ఐదో ఫారం మొదలైన నెలలో తల్లిదండ్రుల సంఘం మీటింగు పెట్టింది. మందుల షాపు నడిపే మిసెస్ తిలకధారీ లేచింది. ఆవిడదీ హిందూ ఇల్లే, ఉత్తరాది వాళ్ళ పెద్ద మందిరంలో పెద్ద పేరున్న కుటుంబం. ఆ తప్పెట మోగితే మనుషుల మీదికి అమ్మ వస్తుందని, స్కూల్లో ఏ పిల్లకో పూనకం వస్తే జవాబు ఎవరు చెబుతారని అడిగింది. అది మద్రాసీల పని అనీ, బడిలోకి తేవలసింది కాదనీ అంది. వెనక కుర్చీల్లో చాలా తలలు ఊగాయి. కెల్విన్ తల్లి ఆ వెనక వరసలోనే, తల వంచుకుని కూర్చుని ఉంది.

వేవ్నీ నిలబడింది. గొంతు పెంచలేదు. తాను ఏడాదిగా ఆ తప్పెట వాయిస్తున్నానని, తనకింతవరకు మణికట్టు నొప్పి తప్ప ఏదీ రాలేదని చెప్పింది. కొందరు నవ్వారు. తర్వాత ఇలా అంది: "ఈ స్కూల్లో పాన్‌ని సంగీతమన్నారు. అది నూనె పీపా నుంచి పుట్టింది. ఈ పిల్లవాడి ఇంట్లో నూరేళ్ళకి పైగా చేతి నుంచి చేతికి వచ్చినదాన్ని సంగీతం కాదని నా చేత చెప్పించకండి. నాకు వినడం వచ్చు. అది సంగీతమే." స్కూలుకి వచ్చేది గుడి తప్పెట కాదని, ఎప్పుడూ ఏ దేవత ముందూ పెట్టని కొత్తదని మాట ఇచ్చింది. మిస్టర్ బోలర్స్ ఆ మాట పట్టుకుని మీటింగు ముగించేశాడు.

ఆ కొత్త తప్పెట ఇంకా లేదు. మర్నాడు సంగతి చెబితే గోవిందెన్ ఊయల ఆపేశాడు. "మేక తోలు కొనేది నేను, చెక్క వంచేది నేను, చెయ్యి నాది. మాట మాత్రం మీరిచ్చొచ్చారు," అన్నాడు. అవునని గాని కాదని గాని అనలేదు.

రెండో దెబ్బ చర్చి వైపు నుంచి తగిలింది. పాస్టరు మంచివాడే, కొత్తగా వచ్చిన చిన్నవాడు. సభ్యులు గుచ్చి గుచ్చి అడుగుతున్నారని, కాళీ గుడికి వెళ్తున్నది నిజమేనా అని ఇబ్బంది పడుతూ అడిగాడు. గుడికి కాదు, ఆ తప్పెట వాయించే ఆయన ఇంటికి నేర్చుకోవడానికి వెళ్తున్నానంది. నాలుగు నెలలు ఆపితే అందరి నోళ్ళూ మూతపడతాయని ఆయన అన్నాడు. నాలుగు నెలల్లో పిల్లల పరీక్ష ఉందని ఆమె అంది. అలాగైతే హార్మోనియం దగ్గర కొన్నాళ్ళు ఇంకెవరైనా కూర్చుంటే బాగుంటుందన్నాడు. వేవ్నీ సంచిలోంచి చర్చి తాళంచెవి తీసి, దానికి కట్టిన నీలం రిబ్బను సహా ఆయన చేతిలో పెట్టింది. ముప్పై రెండేళ్ళు ఆ తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఇంటికి వచ్చాక బట్టలు ఉతికింది, మెట్లు కడిగింది, మళ్ళీ కడిగింది. ఆ ఆదివారం తల్లీ కూతురూ చర్చిలో మూడో వరసలో కూర్చుని పాడారు. హార్మోనియం లేకుండా పాట కుంటింది. కిటికీలోంచి తప్పెటలు స్పష్టంగా వినిపించాయి.

అప్పుడే ఆమెకి ఒక అనుమానం వచ్చింది. మీదికి హార్మోనియం లేకపోవడం వల్ల ఆ రోజు ప్రతి దెబ్బా విడివిడిగా చెవిన పడింది. ముందు తప్పెట ఏడు దెబ్బల దరువు వేస్తోంది. అయితే అయిదో దెబ్బ రంగు వేరు. మిగతా ఆరింటి కంటే కాస్త పొడిగా, కాస్త కుడి పక్క నుంచి వస్తోంది. పాట పాడుతూనే లెక్కపెట్టింది. ప్రతిసారీ అదే. ఆ అయిదో దెబ్బ ముందు తప్పెటది కాదు. పక్కన నిలబడ్డ ఇంకెవరిదో.

సోమవారం క్లాసు అయ్యాక కెల్విన్‌ని ఆపి అడిగింది. వాడు నేల చూశాడు. తాతకి ఎడమ చేతి రెండు వేళ్ళు బిగుసుకుపోయాయని, చెరకు కత్తి గాయం ఎప్పటిదో ఇప్పుడు పట్టేసిందని, సన్న పుల్ల ఆ ఒక్క దెబ్బకి లేవడం లేదని చెప్పాడు. ఆ సంగతి తాతకే తెలియదు. తాత చెవికి ఏడూ వినపడుతున్నాయి కదా. ఏడాదికి రెండు కోతల లెక్కన, మూడు కోతల కాలం నుంచి వాడు పక్కన నిలబడి, తన దరువు తాను వేసుకుంటూనే, ఆ ఒక్క దెబ్బ తాత కోసం వేస్తున్నాడు.

స్వరాల పరీక్షలో పదకొండు మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు ఏడాదిన్నరగా చేస్తున్న పని అది. పెద్ద పెద్ద బృందాల్లో ఎన్నేళ్ళు వాయించినా ఆ నేర్పు అందరికీ రాదని ఆమెకి తెలుసు.

"మిస్, బుక్కులో మాత్రం ఆరు అని రాయకండి," అన్నాడు వాడు.

రాయలేదు. ఏడే రాసింది. కాని ఇలాంటి సంగతి ఎన్నాళ్ళో ఆగదు. ఫిబ్రవరిలో ఒక శనివారం, నోటుబుక్కు మీద ఎప్పుడూ నమ్మకం లేని గోవిందెన్ తానే అడిగాడు: "అంత రాసుకున్నారుగా, నా దరువు ఆ కాగితం చూసి వాయించండి, విందాం." ఆమె కెల్విన్ వైపు చూసింది. వాడు స్తంభం మీద గోరుతో గీకుతున్నాడు. తప్పించుకునే దారి లేక, పాత తప్పెట భుజానికి ఆనించి వాయించింది. తప్పు పోలేదు. గోవిందెన్ తల ఊపుతూ విన్నాడు. ఉత్సాహం వచ్చి, ఎన్నాళ్ళుగానో గుడి బయట పుల్ల పట్టనివాడు మూల ఉన్న ఇంకో పాత తప్పెట అందుకుని ఆమెతో కలిపాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆపేశాడు. ఆమెని ఆగమని సైగ చేసి, ఒక్కడే వాయించుకున్నాడు. ఆ ఇంటి కింద ఆ మధ్యాహ్నం పక్కన మోగే తప్పెట ఇంకేదీ లేదు. అయిదో దెబ్బ చోట ఖాళీ. మళ్ళీ వాయించాడు. మళ్ళీ ఖాళీ.

పుల్లలు ఒళ్ళో పెట్టుకుని ఎడమ చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆదివారం ఆదివారం తన చెవికి ఏడూ వినపడ్డాయి కదా, అవి ఎవరివో అప్పటికి అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"మూడు కోతల నుంచి తాతా."

"నాతో చెప్పలేదేం?"

"దరువు బాగానే ఉందిగా తాతా. ఇంక చెప్పడానికేముంది?"

గోవిందెన్ లేచి, కాలువ దాకా నడిచి, కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. వేవ్నీ వెళ్ళిపోదామని సంచి సర్దుకుంది. ఆయన తిరిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. అంతదాకా 'మీరు' అనే మనిషి, "బిడ్డా, నీ బుక్కులో ఏడు రాశావు. నువ్వు కూడా నాతో చెప్పలేదు," అన్నాడు.

"చెప్పలేదు అంకుల్."

"మంచి పని చేశావు. ఇప్పుడు పద, మేక తోలు బేరానికి పోవాలి."

తర్వాతి ఆదివారం అమ్మ గుడిలో గోవిందెన్ ముందు తప్పెట కెల్విన్ భుజానికి ఆనించాడు. తాను పక్కకి జరిగి తేలిక దరువు పట్టుకున్నాడు. నెల తిరిగేసరికి కొత్త తప్పెట తయారైంది. గుండ్రంగా వంచిన చెక్కకి తోలు బిగించి, ఎండలో ఆరబెట్టి, అమ్మ ముందు పెట్టకుండా నేరుగా టీచరు చేతికిచ్చాడు. ఇచ్చిన మాట పోకూడదన్నాడు.

పరీక్ష మే నెలలో పడింది. మే అంటే మాకు వానలు. జార్జ్‌టౌన్ నుంచి పొడుగాటి ఆవిడ ఒకరు పరీక్షకురాలిగా వచ్చి, మేడ మీద గదిలో గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. ఒనీకా పాన్ వాయించి వచ్చింది. పదిన్నరకి కెల్విన్ వంతు. తొమ్మిదికి వాన పట్టుకుంది. గాలంతా చెమ్మ. కెల్విన్ తోలు మీద వేలితో తట్టి చూస్తే తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టుంది.

దానికి మందు ఒకటే, నిప్పు. స్కూలు ఆవరణలో నిప్పు పెట్టకూడదని నోటీసు బోర్డు మీదే ఉంది. తోలు ఎంతసేపు కాచాలో సరిగ్గా తెలిసిన మనిషి గేటు బయట వానలో నిలబడి ఉన్నాడు. బూట్లు లేకుండా చెప్పులతో వచ్చిన పెద్దవాళ్ళని లోపలికి రానివ్వకూడదన్న స్కూలు రూలు చెప్పి గార్డు ఆపేశాడు. వేవ్నీ గొడుగు లేకుండానే పరుగెత్తింది. ఎవరిని బతిమాలాలో తోచక చుట్టూ చూస్తుంటే వ్యవసాయం మాస్టరు తన రబ్బరు బూట్లు విప్పి, గేటు సందులోంచి గోవిందెన్‌కి అందించాడు. తాను వట్టి కాళ్ళతో కోళ్ళ షెడ్డు తలుపు తీసి, సగానికి కోసిన నూనె పీపాలో ఎండు కొబ్బరి మట్టలు వేశాడు. నిప్పు షెడ్డులో ఉంటే ఆవరణలో ఉన్నట్టు కాదన్నాడు. మిస్టర్ బోలర్స్ కిటికీలోంచి పొగ చూసి, కాసేపు చూసి, కిటికీ మూసేసుకున్నాడు.

పదిన్నర దాటింది. పిల్లవాడు రాలేదని పరీక్షకురాలే కిందికి దిగి వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది. బూట్లు రెండు సైజులు పెద్దవైన ముసలాయన, నిప్పు మీద తప్పెటని చక్రంలా తిప్పుతున్న కుర్రాడు, తడిసి ముద్దయిన టీచరు, రెక్కలు టపటపలాడిస్తున్న కోళ్ళు. వేవ్నీ క్షమాపణ చెప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి కెల్విన్‌ని అడిగింది, తోలు సిద్ధమైందని ఎలా తెలుస్తుందని. వాడు మామూలుగా పెద్దవాళ్ళ ముందు నోరు తెరవడు. ఆ రోజు మాత్రం తప్పెట ఆవిడ చెవి దగ్గర పెట్టి వేలితో తట్టాడు. నిప్పు మీద ఇంకోసారి తిప్పి మళ్ళీ తట్టాడు. మూడోసారి ఆవిడే తల ఊపింది.

"ఇప్పుడు," అంది.

"ఇప్పుడే మిస్," అన్నాడు వాడు.

మేడ మీదికి పరుగెత్తేలోపు తోలు చల్లబడుతుందని అక్కడే వాయించమంది. వాడు కోళ్ళ షెడ్డులో, నిప్పు పక్కన నిలబడి ఎనిమిది నిమిషాలు వాయించాడు. ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా మొదలైంది. ఏడు దెబ్బలూ వాడివే, అయిదోది గంట కొట్టినట్టు పలికింది. వేవ్నీ గోడకి ఆనుకుని వింది. ముప్పై ఏళ్ళు తాను గట్టిగా తొక్కి అణిచేసిన మోత ఇంత సన్నటి పని దాచుకుందని ఆమె చేతులకి తెలుసు, చెవులకి తెలుసు. ఆ రోజు పూర్తిగా వింది. గోవిందెన్ ఎడమ చెయ్యి తొడ మీద దానంతటదే కదులుతోంది. కలిసి వాయించే వంతులో ఒనీకా పాన్ కిందికి దింపి తెచ్చుకుంది. రెండూ ఒకదాన్నొకటి ఎక్కించుకుని బాగానే నడిచాయి. ఒక కోడి మధ్యలో వచ్చి పాన్ కాలి దగ్గర నిలబడింది గాని, ఎవరూ దాన్ని తరమలేదు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. ఒనీకాకి ఒకటో గ్రేడు. కెల్విన్‌కి, పాడే పిల్లకి రెండు. రికార్డరు పిల్లకి మూడు. కీబోర్డు వాయించిన అబ్బాయి సొంత స్వరాలు సగమే రాసిచ్చి తప్పాడు. అందరూ నలుగురు పాసయ్యారని సంబరపడుతుంటే వేవ్నీ ఆ ఒక్కడి ఇంటికి వెళ్ళి, మర్నాటి నుంచి మళ్ళీ మొదలుపెడదామని చెప్పి వచ్చింది. తర్వాతి ఏడు వాడూ పాసయ్యాడు.

చర్చి వాళ్ళు క్రిస్మస్‌కి ముందు తాళంచెవి తిరిగి తెచ్చి ఇచ్చారు. ఆమె పంతం పట్టలేదు. తీసుకుంది. శనివారాలు మాత్రం మానలేదు.

సర్టిఫికెట్ వచ్చిన రోజు గోవిందెన్ దాన్ని వేవ్నీ చేత పై నుంచి కింది దాకా చదివించుకున్నాడు. సంతకాలతో సహా. అంతా విని, తప్పెట పేరు ఎక్కడుందని అడిగాడు. లేదంది. సంగీతం అని, పక్కన రెండు అని మాత్రమే ఉంటుంది. ఆయనకి అది నచ్చలేదు. మర్నాడు ఆయన్ని స్కూలుకి రమ్మంది. ఈసారి ఆయన కొత్త బూట్లు కొనుక్కుని వచ్చాడు. ప్రయోగశాల బీరువాలోంచి క్లాసు రిజిస్టరు తీసి, ఐదు పేర్లకి ఎదురుగా తన చేతిరాతతో ఉన్న వరస చూపించింది. పాన్, కీబోర్డు, గాత్రం, రికార్డరు, తప్పెట. ఆయనకి చదువు రాదు. ఏ మాటో చూపించమన్నాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన దాని మీద తన వేలు పెట్టి, అక్షరాల మీదుగా నెమ్మదిగా నడిపించాడు. "పొట్టి మాటే," అన్నాడు.

ఆ సెప్టెంబరులో సంగీతానికి పదకొండు మంది పేర్లిచ్చారు. వాళ్ళలో మిసెస్ తిలకధారీ చిన్న కూతురూ ఉంది. వేవ్నీ ఇంకో ఆరేళ్ళు ఆ క్లాసు చెప్పి రిటైరైంది. కెల్విన్ ఇప్పుడు వరికోత యంత్రం నడుపుతాడు. కోతలు లేని నెలల్లో బుధవారాలు స్కూలుకి వచ్చి, కొత్త టీచరు పక్కన నిలబడి పిల్లలకి తోలు కాచడం చూపిస్తాడు. కోళ్ళ షెడ్డు పక్కనే స్కూలు వాళ్ళు దానికోసం రేకుల పందిరి ఒకటి వేయించారు. వేవ్నీ రాసిన దరువుల నోటుబుక్కులు నాలుగయ్యాయి. అయిదోది రాస్తోంది.